అమ్మ లాకెట్‌లోకి నీళ్ళు

రాత్రి పదకొండున్నరకి అమెరికా నుంచి వీడియో కాల్ వస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది కదండీ. అంతకు మూడేళ్ళ ముందు అలాంటి కాల్ ఒకటి వచ్చినప్పటి నుంచి నాకు మరీను. 2022 జులైలో చెల్లి మళ్ళీ అదే వేళకి చేసింది. దాని మొహం చూసి పిల్లలకేమైనా అయిందేమో అనుకున్నాను.

"అక్కా, అమ్మలోకి నీళ్ళు వెళ్ళిపోయాయి" అని వెక్కి వెక్కి ఏడుపు.

ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక, దాచుకోవడం ఎందుకు, జాలి కంటే ముందు నాకు కోపమే వచ్చింది.

అమ్మ 2019లో డల్లాస్‌లో చెల్లి ఇంట్లో పోయింది. దాని రెండో కాన్పుకని నాన్నతో కలిసి వెళ్ళింది. బాలింతకి పథ్యాలు వండి పెట్టి, పసివాడికి నలుగు పెట్టి, ఇంకో పదిహేను రోజుల్లో తిరుగు ప్రయాణం అనగా ఒక సాయంత్రం గుండెల్లో మంట అంది. గ్యాస్ అనుకుని మజ్జిగ తాగి పడుకుంది. తెల్లవారుజామున అంబులెన్స్ వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

అమ్మని ఇక్కడికి తీసుకురావాలంటే ఎన్ని రోజులు పడుతుందో తెలియదన్నారు. నాన్న అక్కడే కానిచ్చేద్దామన్నారు. అక్కడి పద్ధతి వేరు. కట్టెలు, కుండ, వల్లకాడు ఏమీ ఉండవు. గ్యాస్ కొలిమి. నాన్న చేత ఒక బటన్ నొక్కించారట. 800, 900 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటల్లో అంతా అయిపోతే, మిగిలిన ఎముకల్ని యంత్రంలో వేసి పొడి చేసి ఒక పెట్టెలో పెట్టి ఇస్తారు. మనం మూడో రోజు పాలూ నీళ్ళూ చల్లి ఏరుకునే అస్థికల్లా ఉండదు. ముతక రవ్వలా, బూడిద రంగు కలిసిన తెలుపులో, రెండు మూడు కిలోలు ఉంటుంది. ఎయిర్‌పోర్టులో ఆ పెట్టెని తెరవరు, ఎక్స్‌రేలో పెట్టి చూస్తారు. అందుకని లోహపు పాత్రలో కాకుండా చెక్కపెట్టెలో పెట్టించి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు నాన్న.

రాజమండ్రిలో కోటిలింగాల రేవులో కలిపాం. పడవ మీద నుంచి నాన్న వదులుతుంటే పక్కన నేనున్నాను. తేలుతుందనుకున్నాను. తేలలేదు. నీళ్ళలో పాలు ఒలికినట్టు తెల్లగా ఒక మబ్బులా విచ్చుకుని, మెల్లగా కిందికి దిగిపోయింది. అమ్మ మొత్తం గోదారిలో కలిసిపోయిందని, అదొక్కటే ఓదార్పుగా ఇంటికొచ్చాను.

మొత్తం కలవలేదని నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఓ రోజు వీడియోలో చెల్లి మెడలో గొలుసుకి వెండి లాకెట్ ఒకటి చూసి, బావుందే, ఎక్కడ కొన్నావన్నాను. అది తటపటాయించి, "ఇందులో అమ్మ ఉందక్కా" అంది. పెట్టెలోంచి చిటికెడు తీసి దాచుకుందట. అక్కడ అది మామూలేనట. పోయినవాళ్ళ బూడిద పెట్టుకునే లాకెట్లు, ఉంగరాలు దుకాణాల్లోనే అమ్ముతారట.

నేను చాలా మాటలు అన్నాను. అస్థికలు ఇంట్లో ఉంచుకుంటారా, ఒంటి మీద వేసుకుంటారా, అమ్మకి గతులుంటాయా అని. "అక్కడ నువ్వు సరిగ్గా చూసుకుని ఉంటే" అన్న మాట ఒకటి నోటిదాకా వచ్చి ఆగింది. ఆగిందనే అనుకున్నాను. కానీ అక్కాచెల్లెళ్ళ మధ్య అనని మాటలు కూడా వినపడతాయి. ఆ తర్వాత రెండేళ్ళు పండక్కీ పబ్బానికీ ఫోన్లు చేసుకున్నాం కానీ పిల్లల చదువులు, ఎండలు, వానలు తప్ప వేరే మాట లేదు.

అలాంటిది ఆ రాత్రి నాకే చేసింది. పెద్దవాడికి ఈత నేర్పించడానికి తీసుకెళ్ళి, వాడు భయపడుతుంటే తనూ కొలనులోకి దిగిందట, గొలుసు తీయకుండా. ఇంటికొచ్చి చూసుకుంటే లాకెట్ మీద ఉన్న చిన్న శీల దగ్గర తెల్లటి తడి చారిక. దానికో అలవాటుంది. పడుకునే ముందు లాకెట్‌ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుతుంది. లోపల పొడి సన్నగా, ఇసుక జారినట్టు చప్పుడు చేస్తుందట. ఆ రోజు ఎంత ఊపినా చప్పుడు లేదు.

"అప్పుడూ చూసుకోలేదు, ఇప్పుడూ చూసుకోలేదు నేను" అంది.

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు. "ఏడవకు. దాన్ని తెరవకు, ఆరబెట్టకు. పైన మంచినీళ్ళతో తుడిచి పక్కన పెట్టు. రేపు కనుక్కుని చెప్తాను" అన్నాను. ఏం కనుక్కుంటానో, ఎవరిని అడుగుతానో నాకే తెలియదు.

పొద్దున్నే కాఫీ ఇస్తూ నాన్నకి చెప్పాను. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న నా దగ్గరే ఉంటున్నారు. ఆయనకి లాకెట్ సంగతి మొదట్నుంచీ తెలుసట. పెట్టె మూత తీసి పట్టుకున్నది ఆయనే! నాకు నోట మాట రాలేదు. ఆయన మాత్రం కాఫీ పూర్తిగా తాగి, "అమ్మ ట్రంకుపెట్టెలో కుంకుమభరిణె ఉంటుంది, అది తీసుకురా అమ్మడూ" అన్నారు.

భరిణెలో దూది. దూదిలో చిటికెన వేలి గోరంత వెండి తాయెత్తు, నల్లబడిపోయి ఉంది. చెల్లి నెలలు తక్కువతో పుట్టింది. బతుకుతుందో లేదోనని అందరికీ భయం. బొడ్డు ఊడినప్పుడు ఆ ఎండిన బొడ్డుపేగుని అమ్మ ఈ తాయెత్తులో పెట్టించి దాని మొలతాడుకి కట్టిందట. మీలో చాలామంది ఇళ్ళల్లో ఈ ఆచారం ఉండే ఉంటుంది. మూడేళ్ళు దాని ఒంటి మీదే ఉంది. తర్వాత అమ్మ విప్పి దాచుకుంది.

"ఇదీ అదీ ఒకటి కాదు నాన్నా" అన్నాను.

"ఒకటని నేనూ అనలేదు. ఆచారిగారి దగ్గరికి పట్టుకెళ్ళు, నీళ్ళ సంగతి ఆయనకి తెలుస్తుంది" అన్నారు.

మా వీధి చివర కంసాలి ఆచారిగారు డెబ్బై దాటినా ఇంకా కుంపటి ముందు కూర్చుంటారు. ఫోన్‌లో చెల్లి పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూపించాను. లోపల ఏముందో కూడా చెప్పాను, దాచలేదు. ఆయన వింతపోలేదు. కళ్ళజోడు సర్దుకుని, "ఇది మన తాయెత్తేనమ్మా. మూత పెట్టే పద్ధతి మాత్రం వేరు" అన్నారు.

అమ్మ తాయెత్తుని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. తర్వాత నా చెవి దగ్గర పెట్టారు. లోపల గింజలా ఏదో టకటకమంది. "చూశారా, నలభై ఏళ్ళయినా పొడిగా ఉంది. దీనికి లక్క పోసి మూశారు. చంటిపిల్ల కదా, గోరువెచ్చని నీళ్ళు. లక్క మరీ వేడికి మెత్తబడుతుంది కానీ స్నానానికి ఏం కాదు. ఆ లాకెట్‌కి ఉన్నది మర శీల. దిద్దుల వెనక బిగించే శీల లాంటిది. మర అంటేనే సందు. ఎంత బిగించినా ఆ మెట్ల వెంబడి నీళ్ళకి దారి ఉంటుంది. ఆ దారిని మూసేది జిగురు. జిగురు పోతే నీళ్ళు పోతాయి."

"ఒక్కసారి ఈతకి దిగితేనే పోయిందా అండీ?"

ఆయన నవ్వారు. "ఒక్క రోజుకి కాదమ్మా. రోజూ వేడినీళ్ళ స్నానం, సబ్బు. ఎన్నాళ్ళనుంచో కొంచెం కొంచెం వదులవుతూ వచ్చుంటుంది. ఈత రోజున బయటపడింది, అంతే."

ఆయన చెప్పిన కిటుకు నాకు వంటింటి భాషలో ఇలా అర్థమైంది. వేడి సాంబారు స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టేస్తాం. చల్లారాక ఆ మూత ఎంత లాగినా రాదు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుని మూతని లోపలికి పీల్చుకుంటుంది. లాకెట్‌లోనూ అదే. వేడినీళ్ళు పడ్డప్పుడు లోపలి గాలి వ్యాకోచించి సందులోంచి కొంచెం బయటికి పోతుంది. ఒళ్ళు చల్లబడేసరికి ఆ ఖాళీ నిండాలి కదా, శీల చుట్టూ ఉన్న తడిని లోపలికి లాక్కుంటుంది. దానికి సబ్బు తోడైతే మరీ. మామూలు నీటిబొట్టు గుండ్రంగా నిలబడే చోట సబ్బునీళ్ళు పరుచుకుని సన్నటి సందుల్లోకి దూరిపోతాయి. ఇక ఈతకొలనులో దిగితే లోతుని బట్టి నీటి ఒత్తిడి పెరుగుతుంది. అందులో కలిపే క్లోరిన్ వెండిని మసకబారుస్తుంది, బంగారానికి అతుకుల దగ్గర చేటు చేస్తుంది. సముద్రపు ఉప్పునీళ్ళూ అంతే.

మరి అమ్మేటప్పుడు నీళ్ళు తగిలినా ఫరవాలేదని రాశారుగా అని చెల్లి అడిగింది. వాచీల మీద కూడా అలాగే రాసి ఉంటుంది. చేతులు కడుక్కుంటే, వాన చినుకులు పడితే ఏం కాదని దాని అర్థం. నీళ్ళలో మునిగినా ఏం కాదని కాదు. ఆ రెండు మాటలకీ చాలా తేడా ఉంది.

ఇక అసలు భయం. లోపల అమ్మకి ఏమైంది? ఆ మాట అడగడానికి చెల్లి రెండు రోజులు తీసుకుంది. ఏమీ కాలేదు. అంత వేడిలో కాలిన తర్వాత మిగిలేది ఎముకలోని సున్నం, భాస్వరం లాంటి ఖనిజాలే. కుళ్ళడానికి, పాడవడానికి అందులో ఏమీ ఉండదు. నీళ్ళలో ఉప్పులా కరిగిపోయేదీ కాదు. తడిసిన రవ్వలా ముద్ద కడుతుంది, అంతే. గోదారిలో ఆ మబ్బు ఎలా అడుగుకి దిగిందో నేను కళ్ళారా చూశాను కదా. అది చెప్తే చెల్లి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నిమజ్జనానికి అది రాలేకపోయింది, చంటివాడితో. నేనూ ఇన్నేళ్ళలో ఆ రోజు ఎలా జరిగిందో దానికి చెప్పలేదు. అప్పుడు చెప్పాను, మొదట్నుంచి చివరిదాకా. పడవ, నాన్న చేతులు వణకడం, అమ్మకి ఇష్టమని నేను కనకాంబరాలు తీసుకెళ్ళడం, అన్నీ.

ఆదివారం వాళ్ళకి పొద్దున్న, మాకు రాత్రి. ఫోన్ నిలబెట్టుకుని లాకెట్ తెరిచాం. ఆచారిగారు చెప్పినట్టు ఫ్యాను, ఏసీ ఆపేసి, గిన్నెలు ఏవీ లేని బల్ల మీద తెల్ల కాగితం పరిచింది. కళ్ళజోళ్ళకి వాడే బుల్లి స్క్రూడ్రైవర్‌తో తిప్పితే శీల ఇట్టే వచ్చేసింది. జిగురు పెళుసుబారి పెచ్చులుగా ఊడింది. ఆచారిగారు అన్నది నిజమే, అది ఒక్క రోజులో ఊడిన జిగురు కాదు. లోపలి ముద్దని గుండుసూదితో మెల్లగా కాగితం మీదికి రాల్చి పలచగా పరిచి, పళ్ళెంలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయే తేమ పీల్చే గుళికల పొట్లాలు, వాటిని చుట్టూ పెట్టి అలమారలో ఉంచింది. హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి తేవద్దని ఆచారిగారు మరీ మరీ చెప్పారు, ఒక్క ఊదుతో అమ్మ గదంతా అయిపోతుంది. మూడో రోజుకి పొడిపొడిగా అయింది.

మళ్ళీ అదే లాకెట్‌లో పెట్టాలా అని ఆలోచన. దీంట్లో రకాలున్నాయి. బూడిదని గాజులో కలిపి కరిగించి పూసలా చేసేవి ఉన్నాయి. వాటిలో శీలా లేదు, సందూ లేదు, నీళ్ళు ఏమీ చేయలేవు. కింద పడితే పగలచ్చు, అదొక్కటే భయం. రెజిన్ అనే పారదర్శకమైన జిగురులో కలిపి గడ్డ కట్టించేవి ఉన్నాయి. వాటిలోకి నీళ్ళు అంత తేలిగ్గా పోవు కానీ ఎండకి పచ్చబడతాయి, గీతలు పడతాయి, సెంటు, శానిటైజర్ తగిలితే మసకబారతాయి. కానీ ఆ రెండు రకాలకీ బూడిదని చేసేవాళ్ళకి పోస్టులో పంపాలి. "అమ్మని పోస్టులో వేయలేనక్కా" అంది. నాకూ మనసొప్పలేదు.

చివరికి స్టెయిన్‌లెస్ స్టీలుది కొంది. పూత వేసినవైతే పూత పోయాక కింది లోహం నల్లబడుతుంది, వెండి కూడా నల్లబడుతుంది, రోజూ వేసుకోవడానికి స్టీలు మొండిది. దీని శీల కింద చిన్న రబ్బరు చక్రం ఉంది, మన కుక్కర్ గ్యాస్కెట్ లాంటిదే, ఆ పని కోసమే. పొడి నింపాక మర మెట్లలో ఒక్క రేణువు కూడా లేకుండా దూదితో తుడిచి, గట్టి జిగురు ఒక చుక్క పెట్టి బిగించి, ఒక రోజంతా కదపకుండా ఉంచింది. ఇన్ని చేశాక కూడా ఆచారిగారి మాట ఒకటే, స్నానానికి తీసేయమనండి. ఏడాదికోసారి శీల చూసుకోమనండి. గ్యాస్కెట్ కూడా గట్టిపడితే మారుస్తాం కదా!

అన్నీ అయ్యాక ఫోన్ పెట్టేయబోతూ చెల్లి "థాంక్స్ అక్కా. నీకిష్టం లేకపోయినా" అంది.

అప్పుడు చెప్పాను. ఆచారిగారు "ఒక్క రోజుకి కాదమ్మా" అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అమెరికా వెళ్ళే ముందు అమ్మని బీపీ చూపించడానికి తీసుకెళ్ళింది నేనే. డాక్టరుగారు గుండెకి ఒక పరీక్ష రాశారు. వచ్చాక చేయించుకుంటానులే అంది అమ్మ. టికెట్లు కొనేశారు, నెలలు నిండిన పిల్ల ఎదురుచూస్తోంది, సరే అన్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో చీరల కింద ఉంది. అమ్మ పోయింది నీ ఇంట్లోనే కానీ, నీ ఇంట్లో ఆ ఒక్క రాత్రిలో జరిగింది కాదు. మూడేళ్ళుగా తప్పంతా నీ వైపు ఉంటే నాకు సుఖంగా ఉండింది, అందుకే లాకెట్ మీద కోపం పెట్టుకున్నాను.

చెల్లి ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. "ఆ కాగితం అమ్మ నాకు చెప్పింది అక్కా. వెళ్ళాక చేయించుకుంటానంది. నేనూ సరే అన్నాను" అంది.

2023 సంక్రాంతికి చెల్లి పిల్లల్ని తీసుకుని వచ్చింది. కనుమ మర్నాడు నాన్నతో సహా కోటిలింగాల రేవుకి వెళ్ళాం. అమ్మని కలిపిన చోటుకి అది రావడం అదే మొదలు. మెట్ల మీద నిలబడి, స్నానానికి దిగబోతూ ఆగి, మెడలోంచి గొలుసు తీసింది. చేయి చాపాను.

"చేతిలో అయితే జారిపోతుంది, మెడలో వేసుకో అక్కా" అని తనే నా మెడలో వేసింది.

అది మూడు మునకలు వేసి, పిల్లల నెత్తి మీద నీళ్ళు చల్లి, పెద్దవాడు ఇప్పుడు ఈతొచ్చిందని ఇంకా లోతుకి పోతానంటే వాణ్ని లాక్కుని పైకి వచ్చేదాకా, నేను మెట్టు మీద పైట కప్పుకుని నిలబడ్డాను, నీళ్ళు చిందినా తగలకుండా. నాన్న చూసి నవ్వారు. ఎవరూ చూడనప్పుడు ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఇసుక జారినట్టు సన్నగా వినపడింది.

తాయెత్తు చెల్లికే ఇచ్చేశాను. భరిణెతో సహా.